ఒకే నెలలో రోడ్డెక్కిన రెండు కార్లు: కార్వెయిర్, ఫాల్కన్

1959 అక్టోబరు నెలలో, ఆరు రోజుల వ్యవధిలో, అమెరికాలో రెండు కొత్త కార్లు విడుదలయ్యాయి. 2వ తేదీన జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన షెవర్లే విభాగం ‘కార్వెయిర్’ను, 8వ తేదీన ఫోర్డ్ సంస్థ ‘ఫాల్కన్’ను ప్రజల ముందుంచాయి. రెండింటి పొడవూ నాలుగున్నర మీటర్లకు కొంచెం ఎక్కువ. రెండింటికీ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనే. రెండింటిలోనూ ఇంజను శక్తి వెనుక చక్రాలకే చేరుతుంది. ప్రారంభ ధర రెండింటికీ రెండువేల డాలర్ల లోపే. కాగితం మీద చూస్తే కవలలే. పానా పట్టుకొని దగ్గరకు వెళితే మాత్రం ఒకదానితో ఒకటికి చుట్టరికం లేని యంత్రాలు.

అరవై ఏళ్ళు దాటిన కథ ఇది. అయినా యంత్రాలతో నిత్యం పని చేసే మనబోటివారు ఒకసారి తీరిగ్గా తలచుకోదగినది. ఒక యంత్రం క్షేమంగా నడవడానికి కావలసిన జాగ్రత్తను యంత్రంలోనే అమర్చాలా, లేక వాడేవారి జ్ఞాపకశక్తికి వదలిపెట్టవచ్చునా అన్న ప్రశ్న ఈ రెండు కార్ల మధ్య నిలిచి ఉన్నది. ఆ ప్రశ్నకు కొందరు ప్రాణాలతో మూల్యం చెల్లించారు.

పెద్దకార్ల దేశంలో చిన్నకారు

చిన్నకారు అనగానే ఒకప్పటి మన మారుతి 800ను ఊహించుకోరాదు. ఈ రెండు కార్లూ మన అంబాసిడర్ కంటే కూడా పొడవైనవి. కాని 1950ల చివరినాటి అమెరికా కార్లు ఐదున్నర మీటర్ల పొడవుతో, విమానం తోకల వంటి రెక్కలతో, రెండు టన్నుల బరువుతో రోడ్డు నిండా ఉండేవి. వాటి పక్కన ఇవి చిన్నవే.

1957-58లో అమెరికాను ఆర్థికమాంద్యం తాకింది. పెట్రోలు తక్కువ త్రాగే కారు కావాలన్న కోరిక సామాన్య కుటుంబాలలో బలపడింది. జర్మనీ నుంచి వచ్చే ఫోక్స్‌వాగన్ ‘బీటిల్’ అమ్మకాలు ఏటేటా పెరిగాయి. 1959 నాటికి అమెరికాలో అమ్ముడైన ప్రతి పది కార్లలో ఒకటి దిగుమతి కారే. డెట్రాయిట్‌లోని పెద్ద కంపెనీలకు ఇది మింగుడుపడని విషయం. చిన్నకారులో లాభం తక్కువని అంతవరకు తేలికగా చూసినవారే హడావిడిగా నక్షాలు గీయసాగారు. క్రైస్లర్ సంస్థ కూడా అదే సంవత్సరం ‘వేలియంట్’ పేరుతో మూడవ కారును తెచ్చింది గాని, ఈ వ్యాసానికి మొదటి రెండూ చాలు.

షెవర్లే విభాగానికి అప్పట్లో అధిపతి ఎడ్ కోల్. మౌలికంగా ఇంజనీరు. 1955లో షెవర్లేకు కీర్తి తెచ్చిన చిన్న వి-8 ఇంజను రూపకల్పనకు నాయకత్వం వహించినవాడు. చిన్నకారు అంటే పెద్దకారును అన్ని వైపులా కత్తిరించినది కాకూడదని, మొదటినుంచి కొత్తగా ఆలోచించి చేసినది కావాలని ఆయన పట్టుదల. ఫోర్డ్‌లో ఈ పని రాబర్ట్ మెక్‌నమారా చేతిలో ఉన్నది. ఆయన ఇంజనీరు కాడు. హార్వర్డ్‌లో వాణిజ్య విద్య బోధించి, రెండవ ప్రపంచయుద్ధం తరువాత 1946లో ఫోర్డ్‌లో చేరిన గణాంక నిపుణుడు. ఆయనకు కావలసింది బరువు తక్కువ, ఖర్చు తక్కువ, మరమ్మతు తక్కువ ఉన్న కారు. తరువాతి కాలంలో వియత్నాం యుద్ధవేళ అమెరికా రక్షణమంత్రిగా ప్రపంచమంతా విన్న పేరు ఈయనదే.

ఇద్దరి స్వభావాలూ వారి కార్లలోకి యథాతథంగా దిగాయి.

ఎవరికీ కొత్త కాని కారు

ఫాల్కన్ గూర్చి చెప్పడం సులభం. అంబాసిడర్ క్రిందికి ఎప్పుడైనా తొంగిచూసినవారికి దాని అమరిక సగం తెలిసినట్లే. ముందు నీటితో చల్లబడే ఇనుప ఇంజను, దాని వెనుక గేర్‌బాక్స్, కారు పొడవునా పరుగెత్తే ప్రొపెల్లర్ షాఫ్టు, చివర ఒకే గొట్టంలో ఇమిడిన బిగువైన ఇరుసు, దానిని మోసే లీఫ్ స్ప్రింగులు. మన లారీ మెకానిక్కులు కమాన్‌కట్టలు అనేవి ఇవే. ఇంజను పరిమాణం 2.4 లీటర్లు, శక్తి 90 అశ్వశక్తి. గేర్లు మూడు, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కన. ఇందులో ఒక్కటీ కొత్త వస్తువు లేదు. అమెరికాలో ఏ మారుమూల పల్లెలోని మెకానిక్కయినా పుస్తకం తెరవకుండానే విప్పి బిగించగలడు.

ఇందులో ప్రతిభ లేదని కొట్టివేయరాదు. ప్రత్యేకమైన చాసిస్ చట్రం లేకుండా బాడీనే చట్రంగా చేసి బరువు తగ్గించడం, అనవసరమైన ప్రతి ఔన్సునూ లెక్కించి తీసివేయడం చిన్న పని కాదు. అయితే ఆ పని ఫలితం కంటికి కనిపించదు. పత్రికలవారు ఫాల్కన్‌ను చూసి పెద్దగా మురిసిపోలేదు. కొనుగోలుదారులు మాత్రం బారులు తీరారు.

అన్నీ కొత్తవైన కారు

కార్వెయిర్ ముందుమూత తెరిస్తే సామాను పెట్టుకునే చోటు కనిపిస్తుంది. ఇంజను వెనుక ఉన్నది. ఆరు సిలిండర్లూ మూడు అటు, మూడు ఇటు, నేలకు సమాంతరంగా పడుకొని ఉంటాయి. క్రాంక్‌కేసు, సిలిండర్ హెడ్లు అల్యూమినియంతో పోసినవి. రేడియేటరు లేదు. స్కూటరు ఇంజనులాగా గాలితోనే చల్లబడుతుంది. పరిమాణం 2.3 లీటర్లు, మొదటి రకానికి 80 అశ్వశక్తి. నాలుగు చక్రాలకూ స్వతంత్రమైన సస్పెన్షన్. అమెరికాలో భారీసంఖ్యలో తయారైన కార్లలో వెనుక ఇంజను, గాలి శీతలీకరణ రెండూ ఉన్నది ఇదొక్కటే.

ఇందువల్ల కలిగిన సౌకర్యాలు నిజమైనవి. కారు మధ్యగా షాఫ్టు లేదు గనుక లోపలి నేల చదునుగా ఉండి మధ్య కూర్చున్నవారికి కాళ్ళు పెట్టుకునే చోటు దొరికింది. ముందు బరువు తక్కువ గనుక స్టీరింగ్ వెన్నలా తిరిగేది. మంచులోనూ, ఎత్తు రోడ్లమీదా వెనుక చక్రాలు నేలను గట్టిగా పట్టేవి. గడ్డకట్టే చలిలో రేడియేటరు పగులుతుందన్న భయం లేదు. ‘మోటార్ ట్రెండ్’ పత్రిక 1960కి ఆ సంవత్సరపు ఉత్తమ కారుగా దీనినే ఎన్నుకున్నది. ‘టైమ్’ వారపత్రిక ఎడ్ కోల్ చిత్రాన్ని ముఖచిత్రంగా వేసింది.

ఇక మెకానిక్కుల పాట్లు వేరు. ఇంజను షాఫ్టు అడ్డంగా పడుకొని ఉంటే, చల్లబరిచే ఫ్యాను ఇంజను నెత్తిన బల్లపరుపుగా తిరుగుతుంది. అందువల్ల ఫ్యాన్‌బెల్టు నిలువు పుల్లీ నుంచి బయలుదేరి, మధ్యలో రెండు పుల్లీలమీద తొంభై డిగ్రీలు మెలితిరిగి ఫ్యానును చేరవలసివచ్చింది. ఈ మెలికలో తొలినాటి బెల్టులు తరచు జారిపోయేవి. బెల్టు పోతే చల్లదనం పోయినట్లే. పుష్‌రాడ్ గొట్టాల చివరల్లోని రబ్బరు ఓ-రింగులు ఇంజను వేడికి గట్టిపడి పగిలి నూనె కార్చేవి. కారిన నూనె వేడి లోహంపై పడి పొగలయ్యేది. ఇంజనును తాకి వేడెక్కిన గాలినే 1961 మోడల్ నుంచి కారు లోపలికి హీటరుగా పంపారు గనుక, ఆ వాసన నేరుగా ప్రయాణికుల ముక్కుకు చేరేది. ఇవన్నీ దిద్దుకోగల లోపాలే. క్రమంగా చాలా వరకు దిద్దారు కూడా. అసలు చిక్కు వెనుక చక్రాల దగ్గర ఉన్నది.

వెనుక చక్రాల కథ

కార్వెయిర్ బరువులో ఇంచుమించు అరవై శాతానికి పైగా వెనుక చక్రాలమీద ఉండేది. ఆ చక్రాలను పట్టుకున్న అమరికకు స్వింగ్ ఆక్సిల్ అని పేరు. మధ్యలో డిఫరెన్షియల్ బాడీకి బిగించి ఉంటుంది. దానికి ఇరువైపులా రెండు అర ఇరుసులు. ఒక్కొక్కదానికి లోపలి చివర మాత్రమే కీలు. బయటి చివర చక్రం బిర్రుగా బిగించి ఉంటుంది. పక్షి రెక్క భుజం దగ్గర మాత్రమే కదిలినట్లు ఈ ఇరుసు కదులుతుంది. రెక్క దిగితే దాని కొననున్న చక్రం కూడా వాలిపోక తప్పదు.

తిన్నని రోడ్డుమీద దీనివల్ల ఇబ్బంది లేదు. మలుపులో వేగంగా తిరిగినప్పుడు బయటివైపు చక్రంమీద పక్కకు నెట్టే బలం పడుతుంది. ఆ బలం కారు వెనుకభాగాన్ని కొంచెం పైకి లేపుతుంది. లేచినకొద్దీ బయటి చక్రం కాలు మడిచినట్లు లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు టైరు పూర్తి వెడల్పుతో కాక అంచుతో నేలను పట్టుకోవలసివస్తుంది. పట్టు ఒక్కసారిగా జారుతుంది. బరువైన వెనుకభాగం మలుపు వెలుపలికి విసురుగా వెళ్ళిపోతుంది. ముందు ఇంజను గల కార్లకు అలవాటుపడ్డ అమెరికా చోదకుడికి ఇది అపరిచితమైన అనుభవం. అతని పాత కారు మలుపులో ముందువైపు జారి ‘ఇక తగ్గించు’ అని ముందే హెచ్చరించేది. ఇది హెచ్చరించకుండా తిరగబడేది.

షెవర్లే ఇంజనీర్లకు ఇది తెలియనిది కాదు. నివారణ కూడా వారికి తెలుసు. ముందు చక్రాల రెండు చేతులనూ కలుపుతూ స్టెబిలైజర్ బార్ అనే ఒక ఉక్కు కడ్డీని అమర్చితే, మలుపులో బరువులో ఎక్కువ వాటాను ముందు టైర్లు మోసి, వెనుకకన్నా ముందుగా అవే పట్టు వదలడం ఆరంభిస్తాయి. చోదకుడికి హెచ్చరిక అందుతుంది. ఆ కడ్డీ లేకుండానే కార్వెయిర్ విడుదలయింది. దాని బదులు కారుతో ఇచ్చే పుస్తకంలో ఒక సూచన ఇచ్చారు. చల్లగా ఉన్నప్పుడు టైర్లలో గాలి ముందు చదరపు అంగుళానికి 15 పౌండ్లు, వెనుక 26 పౌండ్లు ఉండాలని.

ఈ రెండు అంకెలలోనే మొత్తం భద్రత ఇమిడి ఉన్నది. ముందు టైర్లు మెత్తగా ఉంటే అవే ముందుగా జారుతాయి, కారు అదుపులో ఉంటుంది. ఇప్పుడు పెట్రోలు బంకులో గాలి పట్టే కుర్రవాడిని తలచుకోండి. అతను రోజుకు వంద కార్లు చూస్తాడు. అన్నిటికీ నాలుగు చక్రాలకూ ఇంచుమించు సమానంగా గాలి పట్టడం అతని చేతికి అలవాటు. 15 పౌండ్ల టైరు చూడగానే గాలి దిగిపోయిందనుకుంటాడు. యజమానికి మేలు చేయాలనే 24కో 26కో పెంచుతాడు. కడ్డీ చేయవలసిన పనిని ఎవరి మీద పెట్టారో ఆ మనిషికి ఆ సంగతే తెలియదు. యజమానికీ తెలియదు. ఎన్ని ఇళ్ళలో కారు పుస్తకం చేతి అరలోంచి బయటికి వస్తుంది?

మరమ్మతు విభాగంలో కొంతకాలం పనిచేసిన ఎవరికైనా ఈ ఘట్టం దగ్గర గుండె కలుక్కుమంటుంది. ‘గమనిక’ అని చిన్న అక్షరాలతో అచ్చువేసిన వాక్యాలు ఎన్ని యంత్రాల బాగోగులను మోస్తున్నాయో మనకు తెలుసు.

ఇదే సమస్యను మరొక విధంగా ఎదుర్కోవచ్చునని మన దేశంలో తయారైన ఒక కారు చూపింది. 2009లో రోడ్డెక్కిన టాటా ‘నానో’ కూడా వెనుక ఇంజను, వెనుక చక్రాల చోదనం గలదే. దానికి ముందు టైర్లు 135 మిల్లీమీటర్ల వెడల్పు, వెనుక టైర్లు 155. ముందు పట్టు తక్కువగా, వెనుక పట్టు ఎక్కువగా ఉండే ఏర్పాటు టైరు కొలతలోనే ఉన్నది. గాలి పట్టేవాడి పొరపాటు దానిని పూర్తిగా చెరపలేదు. నానో తయారీ 2018లో ఆగిపోయింది. ఆగిన కారణాలు వేరు.

అంకెల తీర్పు, మోంజా మలుపు

మొదటి సంవత్సరం అమ్మకాలలో పోటీయే లేదు. 1960 మోడల్‌కు ఫాల్కన్‌లు 4 లక్షల 35 వేలు, కార్వెయిర్‌లు 2 లక్షల 50 వేలు తయారయ్యాయి. చవకగా, నమ్మకంగా ఇల్లు చేర్చే కారు కావాలనుకున్నవారు ఫాల్కన్ కొన్నారు. షెవర్లే పెద్దలు ఈ పాఠాన్ని ఎంత త్వరగా గ్రహించారంటే, అచ్చు ఫాల్కన్ అమరికతోనే ‘షెవీ 2’ అనే మరొక కారును 1962 మోడల్‌గా తెచ్చారు. తమ కారుకు తామే పోటీ తెచ్చుకున్నారన్నమాట.

కార్వెయిర్‌ను నిలబెట్టింది ‘మోంజా’ అనే రెండు తలుపుల రకం. 1960 మధ్యలో వచ్చిన ఈ కారులో ముందు విడివిడి బకెట్ సీట్లు, కొంచెం మెరుగులు, కొంచెం షోకు. యువకులు ఎగబడ్డారు. 1962లో టర్బోచార్జర్‌తో 150 అశ్వశక్తి రకం కూడా వచ్చింది. చవకకారుగా ఓడినది సరదాకారుగా గెలిచింది.

ఇక్కడొక విచిత్రం జరిగింది. మెక్‌నమారా 1960 నవంబరులో ఫోర్డ్ అధ్యక్షుడై, కొద్ది వారాలకే కొత్త అధ్యక్షుడు కెన్నెడీ పిలుపుపై వాషింగ్టన్ వెళ్ళిపోయాడు. ఫోర్డ్ విభాగం లీ ఐయకోకా చేతికి వచ్చింది. మోంజా విజయాన్ని గమనించిన ఐయకోకా, నిరాడంబరమైన ఫాల్కన్ భాగాలమీదే పొడవైన ముక్కు, పొట్టి తోక గల అందమైన బాడీని నిలిపి 1964 ఏప్రిల్ 17న ‘మస్టాంగ్’ను విడుదల చేయించాడు. ధర 2,368 డాలర్లు. మొదటి పన్నెండు నెలలలో 4,18,812 కార్లు అమ్ముడయ్యాయి. మోంజా కనిపెట్టిన కోరికను ఫాల్కన్ తీర్చింది. కొత్త యంత్రం చేసినవారికి ఖర్చు మిగిలింది. పాత యంత్రానికి కొత్త చొక్కా తొడిగినవారికి లాభం మిగిలింది.

పదిహేను డాలర్లు

ఈలోగా రోడ్లమీద ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. 1962 జనవరిలో ప్రసిద్ధ టెలివిజన్ హాస్యనటుడు ఎర్నీ కోవాక్స్ వాననాటి రాత్రి లాస్ ఏంజెలెస్‌లో తన కార్వెయిర్ వాగన్ అదుపుతప్పి స్తంభానికి గుద్దుకోగా మరణించాడు. కోర్టులలో దావాలు వందకు మించాయి. ప్రమాదంలో చేయి కోల్పోయిన ఒక మహిళ కేసులో సంస్థ 1964లో 70,000 డాలర్లు చెల్లించి రాజీపడింది.

షెవర్లే అధిపతి పదవిలోకి 1961లో బంకీ నడ్సన్ వచ్చాడు. స్టెబిలైజర్ బార్ పెట్టడానికి అనుమతి ఇవ్వకపోతే రాజీనామా చేస్తానని ఆయన పైవారిని బెదిరించవలసివచ్చిందని, కారుకు అయ్యే ఖర్చు 15 డాలర్లేనని జాన్ డిలోరియన్ జ్ఞాపకాల ఆధారంగా 1979లో వెలువడిన పుస్తకం చెబుతున్నది. డిలోరియన్ ఆ సంస్థలోనే ఉన్నతపదవులు నిర్వహించి, విభేదించి బయటికి వచ్చినవాడు గనుక ఆయన మాటలను కొంత తగ్గించి తీసుకోవచ్చు. ఏమైనా 1964 మోడల్‌కు ముందు కడ్డీ, వెనుక చక్రాలు ముడుచుకోకుండా పట్టే అడ్డ లీఫ్ స్ప్రింగు ప్రతి కారుకూ అమర్చారు. 1965 మోడల్‌కు స్వింగ్ ఆక్సిల్‌నే తీసివేసి, ప్రతి అర ఇరుసుకూ రెండు చివరలా కీళ్ళున్న సరికొత్త సస్పెన్షన్ తెచ్చారు. ఆ రూపంలో కార్వెయిర్ నిజంగా చక్కని కారు. నా దృష్టిలో 1965 కార్వెయిర్ పక్కన అదే ఏటి ఫాల్కన్ ఎద్దుబండి.

1965 నవంబరు 30న రాల్ఫ్ నాడర్ అనే 31 ఏళ్ళ న్యాయవాది పుస్తకం వెలువడింది. పేరు ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’. అది మొత్తం అమెరికా కార్ల పరిశ్రమమీద అభియోగపత్రం. కాని మొదటి అధ్యాయం కార్వెయిర్ గూర్చి కావడంతో పుస్తకమంతా ఆ కారు గూర్చే అన్న పేరు స్థిరపడింది. పుస్తకం వచ్చేనాటికి అందులో దుయ్యబట్టిన అమరిక కొత్త కార్లలో లేదు. మొదటి నాలుగేళ్ళలో అమ్మిన పదిలక్షలకు పైగా కార్లు మాత్రం అలాగే తిరుగుతున్నాయి.

జనరల్ మోటార్స్ నాడర్‌కు జవాబు చెప్పడానికి బదులు ఆయన వెనుక గూఢచారులను పంపింది. ఆ సంగతి బయటపడి, 1966 మార్చి 22న సంస్థ అధ్యక్షుడు జేమ్స్ రోష్ సెనేట్ ఉపసంఘం ముందు క్షమాపణ చెప్పవలసివచ్చింది. నాడర్ వేసిన దావా 1970లో 4,25,000 డాలర్లతో పరిష్కారమైంది. అంతకంటే ముఖ్యం, 1966 సెప్టెంబరు 9న అధ్యక్షుడు జాన్సన్ వాహన భద్రతా చట్టంపై సంతకం చేశాడు. కారు ఎలా ఉండాలో చెప్పే అధికారం మొదటిసారిగా అమెరికా ప్రభుత్వానికి వచ్చింది.

1965లో రెండు లక్షలు దాటిన కార్వెయిర్ ఉత్పత్తి 1966లో లక్షకు, 1967లో 27 వేలకు పడిపోయింది. నాడరే దీనిని చంపాడని ఒక వాదం. నాకు పూర్తిగా అంగీకారం కాదు. మస్టాంగ్ దెబ్బకు జవాబుగా షెవర్లే 1966 సెప్టెంబరులో విడుదల చేసిన ‘కమారో’ ముందు ఇంజను, వెనుక కమాన్‌కట్టల కారు. అంటే తయారీదారులే పాత బాట పట్టారు. పుస్తకం చేసింది పరువు తీయడం.

1972 నాటి పరీక్ష, మరచిపోయిన టాంకు

కథ ఇక్కడితో ముగిస్తే తీర్పు సులభం. 1971లో అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 1963 కార్వెయిర్‌ను దాని సమకాలికుల సరసన నిలిపి పరీక్షించింది. ఆ సమకాలికులలో ఫోక్స్‌వాగన్ బీటిల్, రెనో డోఫిన్, వేలియంట్‌లతో పాటు మన ఫాల్కన్ కూడా ఉన్నది. 1972 జులైలో నివేదిక వచ్చింది. కార్వెయిర్ ప్రవర్తన అదుపు తప్పడానికి, బోల్తా పడడానికి అసాధారణమైన అవకాశం కల్పించేది కాదని, సమకాలిక కార్లలో కొన్నిటితో కనీసం సమానంగా ఉన్నదని అందులో తేల్చారు. స్వతంత్ర ఇంజనీర్ల సంఘం ఆ పద్ధతులను పరిశీలించి ఆమోదించింది. అప్పటికి కార్వెయిర్ తయారీ ఆగి మూడేళ్ళు దాటింది.

నివేదికను నాడర్ ఒప్పుకోలేదు. అభిమానులు నేటికీ దానిని పతాకంలా ఎగురవేస్తారు. నాకు తోచేది వేరు. ఇతరులతో సమానం అన్నమాటకు క్షేమం అని అర్థం కాదు. ఆ కాలపు కార్లు ఎంత ప్రమాదకరమైనవో అందులోనే తెలుస్తున్నది. పైగా పరీక్షకుడికి ముందే తెలిసి సిద్ధంగా ఉన్న జారుడు వేరు, వాననాటి రాత్రి పిల్లలతో ఇంటికి వస్తున్న తండ్రికి ఎదురయ్యే జారుడు వేరు.

మరి ఫాల్కన్ సురక్షితమా? అందరికీ తెలిసిన యంత్రం గనుక దాని క్రిందికి ఎవరూ పట్టిపట్టి చూడలేదు. దాని పెట్రోలు టాంకును డిక్కీ నేలలో కోసిన రంధ్రంలో దించి బిగించారు. టాంకు పైరేకే డిక్కీకి నేల. వెనుకనుంచి మరొక వాహనం బలంగా గుద్దితే టాంకుకూ ప్రయాణికులకూ మధ్య ఉన్న అడ్డు వెనుక సీటు వీపు మాత్రమే. ఫాల్కన్ నుంచి ఈ అమరిక మస్టాంగ్‌కూ సంక్రమించింది. ఖర్చు తగ్గించాలన్న ఆలోచన అక్కడ కడ్డీని తీసివేస్తే, ఇక్కడ ఒక రేకును తీసివేసింది. తేడా ఏమిటంటే కార్వెయిర్ లోపం చోదకుడి చేతికి తగిలేది. ఫాల్కన్ లోపం ప్రమాదం జరిగేదాకా ఎవరికీ తగిలేది కాదు. ఆనాటి కార్లలో స్టీరింగ్ కడ్డీ కూడా ఢీకొన్నప్పుడు ముడుచుకోని బిగువైన షాఫ్టే. ఈ విషయంలో ఎవరికెవరూ తీసిపోలేదు.

తరువాత

ఫాల్కన్ తన జన్మభూమిలో 1970 వరకే బ్రతికింది. ఆస్ట్రేలియాలో మాత్రం దీర్ఘాయుష్షు. 1960లో అక్కడ ప్రవేశపెట్టిన తొలి కార్ల ముందు సస్పెన్షన్ ఆ దేశపు గతుకుల మట్టిరోడ్లకు తాళలేక పేరు చెడింది. కంపెనీ ఇంజనీర్లు భాగాలను మళ్ళీ మళ్ళీ బలపరచి, 1965లో ఐదు ఫాల్కన్‌లను పరీక్షాస్థలంలో రాత్రింబగళ్ళు తొమ్మిది రోజులు తిప్పించారు. అన్నీ కలిసి గంటకు 70 మైళ్ళకు పైగా సగటు వేగంతో 70,000 మైళ్ళు పూర్తిచేశాయి. పోయిన నమ్మకం తిరిగివచ్చింది. అర్జెంటీనాలో 1991 వరకు, ఆస్ట్రేలియాలో 2016 అక్టోబరు వరకు ఆ పేరుతో కార్లు తయారయ్యాయి. చివరివరకు అవి వెనుక చక్రాల చోదనం గలవే.

కార్వెయిర్ తయారీ 1969 మే 14న ఆగింది. ఆఖరి మోడల్‌లో చేసినవి ఆరు వేలే. పదేళ్ళలో మొత్తం సుమారు 18 లక్షలు. అదే సంవత్సరం అభిమానులు అమెరికాలో ఒక సంఘం స్థాపించుకున్నారు. అది ఇంకా నడుస్తున్నది. పాత ఓ-రింగుల స్థానంలో వేడికి తట్టుకునే వైటాన్ రింగులు వేసి నూనె కారడం అరికట్టారు. తొలినాటి కార్లకు తరువాత వచ్చిన కడ్డీలను తెచ్చి బిగించుకున్నవారున్నారు. ఏమీ మార్చకుండా ఉంచుకున్నవారు కారు బయటికి తీసేముందు గేజి తీసుకొని నాలుగు చక్రాల చుట్టూ తామే ఒకసారి తిరిగివస్తారు. బంకులో గాలి పట్టే పనిని ఇతరులకు అప్పగించరు.